చెప్పుల బీరువా కాబోయిన పియానో

వడ్రంగిని పిలిచింది పియానో బాగుచేయడానికి కాదు, విరగ్గొట్టడానికి. వదిన కొన్న పాత ఇంట్లో అది హాలుకు అడ్డంగా పడి ఉంది.

"మంచి చెక్కలా ఉందయ్యా మరిదీ. విప్పేసి నాకో చెప్పుల బీరువా చేసిపెట్టు" అంది వదిన.

బీరువాలు చేయడం అతనికి వెన్నతో పెట్టిన విద్యే. అంతకుముందు, మీసాలు మొలిచే వయసులో, మేనమామ దగ్గర పియానోల పని నేర్చుకున్నాడు. చెక్కపనంతా చేయించుకున్న మావయ్య, తీగలు బిగించే శ్రుతి పానా మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఓ రోజు ఒళ్లుమండి వచ్చేశాడు. అప్పట్నుంచి ఇద్దరూ ఎదురుపడితే తల తిప్పుకోవడమే.

రంపం తీసేముందు, ఊరికే చూద్దామని మూత ఎత్తాడు. ఒక మెట్టు నొక్కితే పలకలేదు. ఎందుకు పలకదు? దాని కింద ఓ తలపిన్ను ఇరుక్కుని ఉంది. తీస్తే పలికింది. మరి పక్కది? దాని తీగను కొట్టే చిన్న సుత్తికున్న ఉన్నిని పురుగు కొట్టేసింది. అలా ఒకదాని వెంట ఒకటి చూస్తూ అన్నం మాటే మరిచిపోయాడు.

"ఏం చేస్తున్నావు?" అంది వదిన.

"విప్పుతున్నా వదినా." అబద్ధం కాదుగా!

వదిన అంత తెలివితక్కువదేం కాదు. "సామాను లారీ వచ్చేలోపు ఇది పాడిందా, ఉంచుతా. లేదా, చెప్పులే" అని తేల్చేసింది.

చెక్క అతికించాడు, ఉన్ని మార్చాడు, పానా కొనుక్కొచ్చి శ్రుతికి దిగాడు. రెండేసి స్వరాలను జత కలుపుతూ పోయాడు. ప్రతి జతా తేనెలా కలిసింది. తీరా చుట్టు తిరిగి చివరి జత దగ్గరికొస్తే, తోక తలుపులో ఇరుక్కున్న పిల్లిలా అరిచింది. మళ్లీ మొదట్నుంచి చేశాడు. మళ్లీ అదే అరుపు. రేపే లారీ. పౌరుషం మింగి మావయ్య ఇంటికి వెళ్లాడు.

మావయ్య చెవి వెనక చెయ్యి పెట్టుకుని అంతా విని, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ప్రతి జతా నిక్కచ్చిగా కలిపావా?"

"ఒక్కటీ తప్పలేదు మావయ్యా."

"అదేరా తప్పు! ప్రతిదాంట్లో ఓ రవ్వ తగ్గించాలి. అందరూ వదిలేసిన తేడా చివరిదాని నెత్తిన పడితే అది ఏడవదూ?"

"ఆ రోజుల్లోనే చెప్పొచ్చుగా?"

"నువ్వు అడిగావా? అలిగావు."

తెల్లారి మావయ్యను తీసుకొచ్చి, పానా చేతికివ్వబోయాడు. ఆయన తీసుకోలేదు.

"మాటలైతే గట్టిగా అంటే వినపడతాయి. తీగలు వినపడట్లేదురా, చాన్నాళ్లయింది. నువ్వే విను. రవ్వ తగ్గిస్తే స్వరం ఊగాలి. ఊగుతోందా?"

వడ్రంగి మెట్టు నొక్కి చెవి ఒగ్గాడు. ఆ చెవులు బాగున్నన్నాళ్లూ తను తల తిప్పుకునే తిరిగాడు.

"ఊగుతోంది మావయ్యా. ఆగబోయే ఉయ్యాలలా, నెమ్మదిగా."

"అంతే ఉంచు. తర్వాతది."

చివరి జత నొక్కేసరికి వీధిలో లారీ ఆగింది. అరుపు లేదు. వదిన చెప్పుల సంచీతో గుమ్మంలో నిలబడి, "అయ్యో, మరివెక్కడ పెట్టను?" అంది.

మావయ్య పియానోను కాదు, మేనల్లుడి మొహాన్ని చూస్తున్నాడు. "ఎలా ఉందిరా?"

"బాగుంది మావయ్యా."

"బాగుందంటే నాకేం తెలుస్తుంది? సరిగ్గా చెప్పు."

వడ్రంగి ఆయన పక్కనే కూర్చుని, కింది మెట్టు నుంచి ఒక్కోటీ నొక్కుతూ, అది ఎలా పలుకుతోందో చెవిలో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు.