నాన్నను అడగని ప్రశ్నలు

గుజరాత్‌లోని గోడాదరాలో నలభై ఏళ్లు మరమగ్గాలు నడిపిన నాన్నకు, అమ్మ పోయాక, తన ఈడువాళ్ల మధ్య ఉండాలనిపించింది. ఇద్దరం కలిసి కామ్‌రేజ్ దగ్గర ఒక వృద్ధుల నివాసం చూడటానికి వెళ్లాం.

మేనేజరు నన్నే అడిగాడు: "ఈయన స్నానం తనే చేస్తాడా? పక్క తడుపుతాడా?"

నాన్న నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆయన్నే అడగండి. గుజరాతీ బాగా వచ్చు" అన్నాను.

అతను నవ్వి, ఫారం నా ముందుకే జరిపాడు. నా సంతకం ఒక్కటే చాలట.

నాన్న లేచాడు. బయటికొచ్చాక, "గదులు మంచిగనే ఉన్నయి బిడ్డా. గని నన్ను సామాను లెక్క చూస్తున్నరు. ఇంకోటి చూద్దాం" అన్నాడు.

తర్వాత వెళ్లిన చోట ఒక ఆవిడ నాన్నకు ఎదురొచ్చి, "కాకా, పేకాట వచ్చా?" అని అడిగింది. ఆయన అక్కడే చేరాడు. ఆ మేనేజరు మీద కోపం మాత్రం నాకు ఇంకా చల్లారలేదు.