గీతలింకా వేయని పటం

ఒక పెయింటర్ బడి గోడ మీద మన దేశాన్నీ పాకిస్తాన్‌నూ కలిపేసి గీశాడనీ, పోరగాళ్లు కోపం ఆపుకోలేక రెండు తగిలించారనీ మా నారాయణఖేడ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతా అబద్ధం. గీయమన్నది నేను. కొట్టినవాళ్లలో పోరగాళ్లెవరూ లేరు. నలుగురూ నలభై దాటినవాళ్లు, అందులో ఒకడు నా సొంత తమ్ముడు.

ఆ బడిలో సోషల్ చెప్పేది నేనే. దక్షిణాసియా దేశాలన్నీ కలిసి ఒకే సాంస్కృతిక ప్రాంతం అని పుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేసింది. పిల్లలు ఒప్పుకోలేదు. "వాళ్లతోని మనకేం కలుస్తది టీచర్?" అని ఒకతి నిలదీసింది. మా అత్తగారి ఊరు నాగల్‌గిద్ద అవతల, కర్ణాటకలో. ఇవతల కొట్టే జొన్నరొట్టే అవతలా కొడతారు. రాష్ట్రం మారిందని రొట్టె మారలేదు. దేశాలకైనా అంతే కదా అని, అన్నిటికీ ఒకే పచ్చరంగు వేయించి, మీద తెల్లగీతలతో సరిహద్దులు చూపిద్దామనుకున్నాను.

దుకాణాల బోర్డులు రాసే ఆయన్ను పిలిచాను. ఇంట్లో ఉర్దూ, బయట నాకంటే మంచి తెలుగు. బోర్డులు రాసేవాళ్లు ముందు కింది రంగు నింపుతారు, అది ఆరాకే గీతలైనా అక్షరాలైనా. ఆ సాయంత్రం పచ్చ నింపి, గీతలు రేపు వేస్తానని వెళ్లాడు. తెల్లారేసరికి గీతల్లేని పటం ఫొటో ఊళ్లో అందరి ఫోన్లలో ఉంది.

ఆయన నిచ్చెనెక్కి మొదటి గీత దించుతుండగా నలుగురూ వచ్చి నిచ్చెన లాగేశారు. కింద పడ్డవాణ్ని డొక్కల్లో తన్నారు. రంగు డబ్బాతో నుదురు పగలగొట్టారు. తెలుపూ రక్తమూ కలిసి ఆయన కళ్లలోకి కారాయి. ఒకడు కుడి మణికట్టును చెప్పుకాలితో నేలకు తొక్కిపట్టాడు. నా తమ్ముడు నిచ్చెన నుంచి ఊడిన మెట్టు అందుకున్నాడు. ఏటా పీర్ల పండుగకు ఆయన ఇంటి ముందు పీరు ఎత్తుకుని ఊగేది వీడే.

"గీ చెయ్యేనా గీసింది?" అంటూ రెండు దెబ్బలు వేశాడు. ఎండిన కందికట్టె విరిచినట్టు వేళ్లు విరిగాయి.

తరగతి వదిలి పరుగెత్తి వాడి కాలరు పట్టుకున్నాను. "గియ్యమన్నది నేనురా. కొడితే నన్ను కొట్టు."

నా ముఖంలోకి చూశాడు. నన్ను తోసేసి మూడోది కొట్టాడు.

దవాఖానలో కట్టు విప్పాక రెండు వేళ్లు వంగలేదు. అక్షరం రాసే చేయి పోయింది. ఇప్పుడు ఎడమ చేత్తో ఇనుప గేట్లకు రంగు పూస్తున్నాడు. ఠాణాలో తమ్ముడి పేరు నేనే రాయించాను. ఆరోజు నుంచి అమ్మ నాతో మాట్లాడదు.

బెయిలు మీద వచ్చినవాణ్ని ఇంటికెళ్లి, ఆరోజు నా మాట విన్నావా అని అడిగాను. "గలాటల నాకేం వినబడలే అక్కా," అన్నాడు.

గలాట ఎక్కడిది? మిగతా ముగ్గురూ అప్పటికే చేతులు దించేశారు. తరగతుల్లో పిల్లలు బిగుసుకుపోయారు. నా గొంతు ఎంత పెద్దదో వాడలో అందరికీ తెలుసు. మొదటి రెండు దెబ్బలు ఆయన మీది కోపంతో వేశాడనుకుంటాను. మూడోది, గీయమన్నది నేనని విన్నాకే వేశాడా?