గుండెపోటు అన్న మాట

ఉదయం ఏడూ పదికి వంటవాడు టీకి స్టవ్ వెలిగించాడు. అదే సమయానికి నేను మా ఆర్మీ పోస్టు చేరాను. కాశ్మీరులో కొండ అంచున, రాళ్లూ రేకులూ పేర్చిన బంకర్. మైనస్ నాలుగు డిగ్రీలు. తమ్ముడి దినం ముగించుకుని మార్కాపురం నుంచి వచ్చాను.

వైర్‌లెస్ ఆపరేటర్‌ది మా ఊరికి దగ్గర్లోని పొదిలి. నాకన్నా చిన్నవాడు. రాగానే అడిగాడు.

"తమ్మునికి ఏమైందన్నా?"

"గుండెపోటు."

అమ్మ ఊళ్లో అందరికీ చెప్పిన మాట అది. నేనూ అదే చెప్పాను.

నీళ్లు కింద ఊట నుంచి తేవాలి. ఇరవై లీటర్ల క్యాన్, వీపున కట్టుకుని, వంతులవారీగా. నా వంతు వచ్చిన ప్రతిసారీ క్యాన్ ఆపరేటర్ వీపున ఉండేది.

"ఏందిరా ఇది?"

"మీ ఇంట్లో గుండెజబ్బు ఉంది గదన్నా. నువ్వు మొయ్యమాకు."

ఒకరోజు ఊట దగ్గర జారి మోకాలు పగలగొట్టుకున్నాడు. అయినా క్యాన్ నాకివ్వలేదు. క్యాన్ పట్టీ పట్టుకుని ఆపాను.

"నా గుండెకేం కాలేదు. మావాడి గుండెకూ ఏం కాలేదు. వాడే ప్రాణం తీసుకున్నాడు."

అతను మంచులో కూర్చుండిపోయాడు. పగిలిన మోకాలు పట్టుకుని అన్నాడు:

"మా చిన్నాయనా అట్లనే పోయినాడన్నా. పాము కరిసిందని చెప్పినాం."

లేచి పట్టీలు నా చేతిలో పెట్టాడు.

"అయితే నువ్వే మొయ్యి. ఉత్తపుణ్యానికి నా నడుం ఇరగ్గొట్టినావు."

ఆ పూట నుంచి నా క్యాన్ నేనే మోశాను. దారిలో తమ్ముడి గురించి చెప్పేవాణ్ణి. పలకల మిల్లులో పని, క్రికెట్ పిచ్చి, చివరి నెలల్లో నిద్ర లేకపోవడం. ఎందుకు పోయాడో నాకు తెలియదు. తెలియకుండానే బతకాలి.

కొన్నాళ్లకు రిటైరై ఇల్లు చేరాను. పలకరించడానికి వచ్చిన గిద్దలూరు చుట్టంతో అమ్మ మళ్లీ గుండెపోటే అంది. కాదని, జరిగింది చెప్పాను. ఆయన వెళ్లాక అమ్మ అడిగింది.

"నలుగురూ ఏమనుకుంటారు నాయనా?"

"అనుకోనీమ్మా. వాడికి మనసు బాగలేదు, మనకు తెలియలేదు. చెప్తే ఇంకో ఇంట్లో ముందే తెలుస్తాది."

అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాతెప్పుడో పక్కింటామె, కొడుకు తిండీ నిద్రా మానేశాడని వాపోయింది. అమ్మే అంది:

"మావాడూ అట్లనే ఉండినాడమ్మా. వానంతట వాడే పోయినాడు. ఈ పొద్దే డాక్టరు దగ్గరికి తీసుకపో. ఒంటిగా వదలమాకు."

చనిపోయిన రోజు పొద్దున తమ్ముడు తాగేనీళ్ల క్యాన్ నింపుకొచ్చి గడప పక్కన పెట్టాడట. నేను దినానికి వచ్చేసరికి అది అక్కడే ఉంది, మూత తీయకుండా, నిండుగా. అది నా కళ్ల ముందు నుంచి పోదు.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ గుండెపోటు అని చెప్పరు.