గేటు దాటని నొప్పి

ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని గేటు బాబాయి అంటారు. ఆయన భార్య కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని. బయటికి పోయేవాళ్ల సంచీలు తడిమి చూసి గేటు తియ్యడం బాబాయి ఉద్యోగం. మేనేజరు సంచీ కూడా వదలడు, అంత నిక్కచ్చి మనిషి. అలాంటివాడు నడుము నొప్పితో నిలబడలేక స్టూలు మీద కూలబడుతున్నాడు. ఇంకోసారి కూర్చుంటే గేటుకి వేరే మనిషిని చూసుకుంటానని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

మాత్రలూ పట్టీలూ అన్నీ అయ్యాక ఆసుపత్రివాళ్లు ఆయన్ని హిప్నాటిజంతో నొప్పి తగ్గించే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. పిన్ని తోడు వెళ్లి గోడవారగా కూర్చుంది.

"కళ్లు మూసుకోండి," అంది డాక్టరమ్మ మెత్తగా.

"డ్యూటీలో కళ్లు మూస్తే ఉద్యోగం ఊడుతుందమ్మా."

"ఇది డ్యూటీ కాదండీ."

బాబాయి ఒక కన్ను మూశాడు. డాక్టరమ్మ తెలివైనదే. "సరే, మీ గేటు దగ్గరే ఉన్నారనుకోండి. నొప్పి మెల్లగా నడిచొస్తోంది. గేటు తియ్యండి, వెళ్లిపోనివ్వండి," అంది.

రెండో కన్నూ మూతపడింది. ఊపిరి నెమ్మదించింది. ఆవిడ సంతోషించేలోపే బాబాయి చెయ్యి అడ్డంగా లేచింది. "ఏయ్, ఆగు! సంచీలో ఏముంది?"

నొప్పి సంచీ విప్పలేదట. విప్పకుండా వదిలేస్తే రేపు మాట పడేది ఎవరు? మరుసటి వారం అది చేతులూపుకుంటూ వచ్చిందట. పాసు లేదని వెనక్కి పంపేశాడు. వెనక్కంటే ఎక్కడికి, ఆయన నడుములోకే! డాక్టరమ్మ తల పట్టుకుంది.

ఆ రోజు ఆసుపత్రి మెట్లు పిన్ని చకచకా దిగిపోయింది. ఎప్పుడూ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగే మనిషి.

"ఏమిటే ఆ పరుగు?"

"మోకాళ్ల నొప్పి బాగా తగ్గిందండీ. ఆవిడ చెబుతుంటే నేనూ కళ్లు మూసుకుని గేటు తీశా. పోయింది."

"తనిఖీ లేకుండానే?"

"పీడా పోతుంటే పట్టుకుని సంచీ చూపించమంటారా ఎవరైనా?"

బాబాయికి మామూలుగా అయితే కోపం రావాలి. రాలేదు. "నీకు మోకాళ్ల నొప్పులా? ఎప్పట్నుంచి?"

"మీ నడుము కంటే ముందునుంచే. మీరు 'అబ్బా, నడుము' అనడం ఆపితే కదా నేను చెప్పడానికి!"

ఊళ్లో వాళ్లందరి సంచీల్లో ఏముందో ఎరిగిన మనిషికి, ఇంట్లో మనిషి మోకాళ్ల సంగతి తెలియలేదు. ఆయనకి నిజంగానే సిగ్గేసింది.

"వచ్చే వారం మీరు హాయిగా కళ్లు మూసుకోండి. ఆ కాసేపూ గేటు నేను చూసుకుంటా," అంది పిన్ని.

బస్టాపులో గొంతు సవరించుకుని ఆయన అడిగాడు. "ఇంకా ఎక్కడైనా ఉందా నొప్పి?"

పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసి, మెడ దగ్గర మొదలుపెట్టింది. ఒక బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఇంకోటీ వెళ్లిపోయింది. ఆవిడ ఇంకా భుజాల దాకే వచ్చింది. నిలబడి వింటున్న బాబాయికి నడుము కలుక్కుమంది. అబ్బా అనబోయి, మింగేశాడు.