బెల్తరా దారిలో మా ఆయన టూరింగ్ బండి

మా ఆయన బిలాస్‌పూర్ రైల్వే షెడ్డులో పనిచేస్తారు. కుర్రతనంలో ఆయన మోజుపడ్డ టూరింగ్ మోటార్‌సైకిల్‌ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అది మళ్లీ కొత్తగా రాగానే, యాభై దాటిన మనిషి, ఎగబడి కొన్నారు. ఆయన చేసే టూరల్లా క్వార్టర్ నుంచి షెడ్డు దాకానే!

ఈ వానాకాలంలోనే ఓ ఆదివారం నన్ను వెనక ఎక్కించుకుని బెల్తరా ఊరి వైపు బయల్దేరారు.

"ఇంత ఎత్తేటండీ? కాళ్లు కిందకి అందుతాయా?" అన్నాను.

"నీకేటి తెలుసే! దాని దర్జాయే అది" అన్నారు.

దారిలో ఆవు అడ్డొచ్చింది. బ్రేకు వేసి కాలు దించబోతే నేల అందలేదు. బండి ఒరిగి ఆయన కాలి మీద పడింది. నేను పక్క పొలంలో బురదలో పడ్డాను. లేచి చూస్తే ఆయనలో కదలిక లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నా కేకలు విని పరిగెత్తుకొచ్చారు. అందరం కలిసి బండి లేపాం.

ఆయన కళ్లు తెరిచి, "ట్యాంకు మీద గీత పడిందేటి?" అన్నారు.

"అచ్ఛా! పెళ్లాం బతికుందో లేదో అక్కర్లేదా?" అని అరిచాను. తెలుగు రాకపోయినా ఆ ఆడవాళ్లకు సంగతి అర్థమై విరగబడి నవ్వారు.

కాలికి కట్టుతోనే ఆయన ఇప్పుడు ఇరుగుపొరుగుకి బండి గొప్పలు చెబుతున్నారు. వయసు మళ్లాక పాత మోజు పుడితే మనిషికి బుద్ధి ఎంత మిగులుతుందో కళ్లారా చూశాను. నేను మాత్రం ఎక్కడికైనా ఆటోలోనే వెళ్తున్నాను.

— ఓ పాఠకురాలు, బిలాస్‌పూర్