కోటి రూపాయలూ, క్రిస్మస్ కేకూ

1949 వేసవి. పోలీస్ యాక్షన్ జరిగి ఇంకా ఏడాది నిండలేదు. సికింద్రాబాద్‌లో ముత్యాలు, ఇంగ్లీషు సెంట్లు, స్విస్ గడియారాలు అమ్మే ఒక పెద్ద దుకాణంలో నేను స్టాక్ క్లర్కును. నవాబుల బగ్గీలు ఆగే గుమ్మం ముందు ఆ ఏడు ఎండ ఒక్కటే వచ్చి నిలబడేది. లోపల గులాబీ, చందనం వాసనలు తేలుతూ ఉండేవి. వాటి మధ్య కూర్చుంటే మెలకువలోనే కల కంటున్నట్టుండేది.

యజమాని సేఠ్ సాబ్ రెండో ప్రపంచ యుద్ధానికి ముందే కోటీశ్వరుడు. ఇద్దరు వితంతు చెల్లెళ్ళ సంసారాలూ ఆయన మీదే. కొనేవాళ్ళు కరువై, దుకాణం, ముత్యాలు, రెజిమెంటల్ బజార్‌లో అద్దెకిచ్చిన దుకాణపు గదులు, అదే మల్గీలు, అన్నీ ఒక బొంబాయి వ్యాపారికి అమ్మేసి, ఆ డబ్బు బ్యాంకులో ఉంచి నిశ్చింతగా బతకాలనుకున్నారు. సోమవారం సంతకాలు. ఆలోగా స్టాక్ టేకింగ్, అంటే బీరువాల్లోని ప్రతి వస్తువునూ చూసి రాయడం, నా పని.

ఒక సెంటు సీసా దగ్గర ఆగిపోయాను. సీలు చెక్కుచెదరలేదు, సెంటు మాత్రం సగమే ఉంది. మూత కింద అలా ఏర్పడే ఖాళీని మా పనిలో అల్లేజ్ అంటారు.

“గిదేంది బేటీ, సీలు గట్లనే ఉంది. సగం ఎవరు తాగిన్రు?” అన్నారు సేఠ్ సాబ్.

“ఎవరూ తాగలేదండీ. ఊరికే ఉంచితే ఆవిరైపోతుంది.”

“నా కోటి గట్ల గాదులే,” అని నవ్వారు. “లడాయి షురూ గాకముందు కోటి. లడాయి అయింది, పోలీస్ యాక్షన్ అయింది. గిప్పుడు లెక్క జూస్తే మళ్ల కోటే. పైస తగ్గలే. వడ్డీ మాకు హరామ్, తీస్కోను. ఆ కోటిని బ్యాంకుల హాయిగ పండుకోనీ.”

మౌలాలిలోని ఇంటికి వెళ్తుంటే రైల్లో ఆ సీసాయే కళ్ళ ముందు తేలింది. పత్రికల్లో ఇన్‌ఫ్లేషన్ అని చదివినప్పుడు సరుకుల ధర పెరగడమనే అనుకునేదాన్ని. ఆ సాయంత్రం అదే మాట వెనక వైపు నుంచి కనిపించింది: సీలు వేసిన రూపాయి లోపల ఆవిరైపోతోంది.

మర్నాడు నా డైరీ తీసుకెళ్ళాను. చూపించకూడని పేజీలకు గుండుసూదులు గుచ్చి, ఆయన ముందు పెట్టాను.

“ఇది 1939 క్రిస్మస్ కేకండీ. నాన్నగారు ఏటా బేకరీకి ఏడు రూపాయలే ఇస్తారు. కోసేముందు కేకును డైరీ మీద పెట్టి చుట్టూ గీస్తాను.”

మొదటి సున్నా రెండు పేజీలూ నిండి ఉంది. ఆయన పేజీలు తిప్పుతూ పోయారు. ఏటేటా సున్నా చిన్నదవుతూ, కిందటి క్రిస్మస్‌కి ఒక్క పేజీలోనే ఒదిగిపోయింది.

“మీ నాయన పిసినారా ఏంది?”

“కాదండీ, బడిపంతులు. ఆ ఏడు రూపాయలు ఎన్నడూ తగ్గించలేదు.”

“అయితే బేకరీవాడు దొంగ.”

“పాపం, ఆయనకు చక్కెరా వెన్నా పాత ధరకు రావడం లేదండీ.”

ఆయన వేలు ఆఖరి సున్నా మీద ఆగింది. “అంటే నా కోటికి సీలే మిగిలింది,” అన్నారు మెల్లగా. ముత్యాలు గుచ్చే పట్టుదారం తీసి, మొదటి సున్నా గీత వెంట పరిచి, కొలతకు తెంపి జేబులో వేసుకున్నారు.

సోమవారం సెంట్లూ గడియారాలే అమ్ముడుపోయాయి. “మల్గీలు ఉండనీ. ధరలు పెరిగితే కిరాయి సుత పెరుగుతది,” అన్నారు. దుకాణమూ ముత్యాలూ కూడా ఇవ్వలేదు. బొంబాయి ఆసామి విసుక్కుంటూ రైలెక్కాడు.

ఆ డిసెంబరులో మౌలాలిలోని మా ఇంటికి సేఠ్ సాబ్ పంపిన కేకు వచ్చింది. దాని చుట్టూ ఆనాటి పట్టుదారమే కట్టి ఉంది. ఎంతయిందని నాన్న ఎన్నిసార్లు అడిగినా తెచ్చిన మనిషి చెప్పలేదు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. ఎవరైనా తమకు ఎంత ఉందో చెబితే అంకె విని ఊరుకోను, దాని చుట్టూ దారం ఎంత పడుతుందో ఊహించుకుంటాను. ఆ క్రిస్మస్ కేకు గీయడానికి మాత్రం మళ్ళీ రెండు పేజీలూ కావలసివచ్చాయి.