పొలంలో వదిలిన రాగిగడ్డి

రాగి కోసినాక గడ్డిని వామి వేసి దాచకుండా పొలంలోనే పరిస్తే నేల చల్లబడుతుందని, తేమ నిలుస్తుందని గౌనిపల్లి మీటింగులో వ్యవసాయాధికారి చెప్పాడు. అందులో తప్పేమీ లేదు, నేనూ పుస్తకాల్లో చదివిందే. ఊరంతా తలూపింది. పరిచింది మాత్రం మా తమ్ముడొక్కడే.

మా వైపు వేసవిలో నాలుగు చినుకులు పడితే పశువులకు పచ్చిక, పడకపోతే వామిగడ్డే దిక్కు. ఆ వేసవి చినుకు పడలేదు. తమ్ముడు పరిచిన గడ్డిని తిరిగి ఏరబోతే చెదలు తినేశాయి. పాలిచ్చే ఆవు డొక్కలెండి కూలబడింది. వాడు గంప పట్టుకుని పక్కింటి వామి దగ్గర నిలబడ్డాడు.

"ఆవును గూడా పొలంలోనే పరిచేయప్పా, నేల ఇంగా చల్లగుంటాది" అన్నాడు పక్కింటాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒక్కరూ గుప్పెడు గడ్డి ఇవ్వలేదు. వాన ఎప్పుడొస్తుందో తెలియనివాడు తన ఆవు నోటి గడ్డి ఇంకొకరికి పెడతాడా? నాకు పశువులూ లేవు, గడ్డీ లేదు. ఆవు చచ్చిపోయింది.

మరుసటేడు మీటింగుకు అదే అధికారి వచ్చి, మీ రైతులకు ఎంత చెప్పినా తలకెక్కదని విసుక్కున్నాడు.

"ఎక్కినోడు ఒకడుండాడు సార్. ఆవు పోయినాక వేమగల్ ఫ్యాక్టరీకి పోతా ఉండాడు. వాన రాకుంటే మేత యాడనుంచి ఇస్తారో చెప్పండి, ఊరంతా పరుస్తాం" అన్నాను.

"మేత సంగతి మా డిపార్ట్‌మెంటు కాదు" అని ఆయన జీపెక్కాడు.

జనం కూడా లేచి, ఎవరి వామి వాళ్లు కప్పుకోవడానికి వెళ్లిపోయారు.